ఆఖరి కరెంటు తర్వాతి పది రోజులు

"ఎంత కాలతాది సార్?"

మా అక్క డాక్టర్‌ని అడిగిన మొదటి ప్రశ్న అది. జబ్బు ఎంత ముదిరిందని అడగలేదు, ఎన్నాళ్ళు బతుకుతానని అడగలేదు. రొమ్ములో గడ్డ తీసేసే ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇక మిగిలింది రేడియోథెరపీ. మా శ్రీకాళహస్తి వైపు ఆ మాట ఎవరి నోటా వినపడదు. "కరెంటు పెడతారు" అంటారు. కరెంటు అన్నాక మనసుకు ముందు తోచేది కాలడమే. దానికి తోడు మా వీధిలో ఒక పెద్దమ్మ వారం ముందే వచ్చి చెప్పిపోయింది: "తోలంతా ఊడొస్తాదంటమ్మే. మాడిన రొట్టె మాదిరి అయిపోతాదంట."

డాక్టర్ ఓపికగానే చెప్పారు. మొత్తం 15 సిట్టింగులు, చర్మం నల్లబడుతుంది, దురద పుడుతుంది, చంక మడతలో చర్మం దెబ్బ గ్రేడ్ 2 దాకా రావచ్చు (గ్రేడుల సంగతి తర్వాత చెబుతాను). బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అక్క నన్నడిగింది: "రావచ్చు అంటే వస్తాదనా, రాదనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదివి, అడిగి, అక్క పక్కనే ఉండి చూసి తెలుసుకున్నదే ఈ అధ్యాయం. మీరో మీ ఇంట్లోవాళ్ళో రేపో ఎల్లుండో ఆ బల్ల మీద పడుకోబోతుంటే, డాక్టర్ చెప్పే "రావచ్చు"ను మీకు పనికొచ్చే లెక్కగా మార్చుకోవడం ఎలాగో చెప్పాలని నా ప్రయత్నం. మందులూ మోతాదులూ మీ డాక్టర్ చేతిలోవి. గమనించడం, రాసిపెట్టడం, అడగడం మాత్రం మన చేతిలోవి.

"రావచ్చు" ఎక్కడి నుంచి వస్తుంది

రంట్‌జన్ ఎక్స్‌రేలను కనిపెట్టింది 1895 నవంబరులో. మరుసటి ఏడాదికే చర్మం కమిలిన కేసులు బయటపడ్డాయి. కిరణాన్ని కొలిచే సాధనం సరైనది లేక, చాలా ఏళ్ళపాటు డాక్టర్లు రోగి చర్మాన్నే కొలబద్దగా వాడుకున్నారు. చర్మం ఎర్రబడేంత కిరణాన్ని ఒక మోతాదుగా లెక్కేసేవారు. 1928లో రంట్‌జన్ అనే కొలత అంతర్జాతీయంగా ఖాయమయ్యేదాకా ఆ పద్ధతే నడిచింది. అంటే ఆ రోజుల్లో చర్మాన్ని చూసి కిరణం ఎంతో చెప్పేవారు. ఇప్పుడు కిరణం ఎంతో ముందే లెక్కగట్టి, చర్మం ఏమవుతుందో చెబుతున్నారు.

ఆ చెప్పడానికి ఆధారం ముందు వెళ్ళినవాళ్ళు. మీకంటే ముందు అదే బల్ల మీద పడుకున్న వందల మంది ఒంటి మీద వారం వారం ఏం కనిపించిందో రాసిపెడతారు. ఎవరికి ఎన్ని గ్రే ఇచ్చారు (గ్రే అంటే కిరణ మోతాదుకు కొలత, బియ్యానికి కిలో లాగా), ఎన్ని సిట్టింగులుగా పంచారు, చర్మం పై పొరకు ఎంత తగిలింది, మనిషి బరువెంత, రొమ్ము ఎంత పెద్దది, పొగాకు అలవాటు ఉందా, కరెంటుతో పాటే కీమో కూడా నడిచిందా అన్నవన్నీ పక్కన చేరుస్తారు. ఏ పరిస్థితుల్లో ఎంతమందికి చర్మం చెమ్మదేరి ఊడిందో అప్పుడు తేలుతుంది. ఈ లెక్కను గీతగా గీస్తే మోతాదు తక్కువ ఉన్నంతసేపూ నేల మీద పాకుతున్నట్టుంటుంది, ఒక చోటు దాటగానే నిటారుగా పైకి లేస్తుంది. మీరు ఆ గీత మీద ఎక్కడ నిలబడ్డారో చెప్పడమే అంచనా.

ఒక ఉదాహరణ చెబుతాను. 2008లో కెనడా డాక్టర్లు రొమ్ము రేడియోథెరపీ మీద ఒక పరీక్ష ఫలితాలు అచ్చేశారు. మామూలు పద్ధతిలో చేయించుకున్నవాళ్ళలో వందకు 48 మందికి దగ్గర దగ్గరగా చర్మం చెమ్మదేరి ఊడింది. కిరణం ఎక్కడా పోగుపడకుండా సమంగా పంచే ఐఎంఆర్‌టీ పద్ధతిలో అది 31కి తగ్గింది. జబ్బు అదే, మందు అదే. పంచిన తీరు మారితే లెక్క మారింది. రొమ్ము పెద్దదైన కొద్దీ ఊడడం ఎక్కువని కూడా ఆ పరీక్షలో తేలింది.

కాబట్టి మీ డాక్టర్ "రావచ్చు" అన్నప్పుడు, "నాలాంటివాళ్ళు వందమందిలో ఎంతమందికి?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న నేర్చుకున్నందుకు నేను ఎంత తేలికపడ్డానో చెప్పలేను. "ముగ్గురిలో ఒకరికి వస్తుంది" అనే మాట "రావచ్చు" కంటే ఎంతో మెరుగు. అది వస్తే ఏం చెయ్యాలో సిద్ధం చేసుకోవచ్చు. రాకపోతే మేలే.

పటిక గీత

కిరణం పడిన రోజునే చర్మం మీద ఏమీ కనిపించదు. శ్రీకాళహస్తిలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పాల్సిన పని లేదు. మా ఊరి కలంకారీ పనివాళ్ళు కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద పటిక నీళ్ళతో గీస్తారు. గీసిన రోజున అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడో గుడ్డను రంగు కాగులో వేసి ఉడకబెట్టినప్పుడు, పటిక తగిలిన చోటు మాత్రమే ఎర్రగా పైకి తేలుతుంది.

కరెంటు కూడా అంతే. మొదటి సిట్టింగు అయ్యి బయటికొచ్చినప్పుడు అక్క తన చర్మాన్ని తడుముకుని, "ఏమీ కాలేదే!" అంది. రెండో రోజు అదే మాట, ఆరో రోజు అదే మాట. కిరణం దెబ్బ తీసేది పైకి కనిపించే చర్మాన్ని కాదు, దాని అడుగున కొత్త కణాల్ని పుట్టించే పొరను. అక్కడ పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అడుగున పుట్టుక మందగించిన సంగతి పైన పాత చర్మం రాలిపోయేదాకా తెలియదు. అందుకే చర్మం మీద మార్పు రెండు మూడు వారాలు గడిచాక మొదలవుతుంది. చికిత్స ముగిసిన తర్వాత కూడా వారం, పది రోజులు, కొందరికి రెండు వారాల దాకా ముదురుతూనే పోతుంది. ఆపైన తగ్గుముఖం పట్టి, నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామందికి మానుతుంది.

మాకు పొరపాటు జరిగింది ఇక్కడే. ఆఖరి సిట్టింగు రోజున స్వీట్లు పంచాం. పెద్దగా ఏమీ కాకుండానే గండం గడిచిందనుకుని ఏర్పేడు మీదుగా బస్సులో ఇంటికొచ్చేశాం. ఐదో రోజు రాత్రి అక్క చంక మడతలో జాకెట్టు అతుక్కుపోయింది. లాగితే పొర వచ్చేసింది. ఇంటిల్లిపాదీ హడలిపోయాం. చికిత్స అయిపోయాక కదా ఇలా అయింది, మరేదో కొత్త జబ్బు పుట్టిందేమోనని అక్క తెల్లవార్లూ ఏడ్చింది. అది రావలసిన వేళకే వచ్చిందని మాలో ఒక్కరికి తెలిసినా ఆ రాత్రి అలా గడిచేది కాదు.

ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. చర్మం ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆసుపత్రికి రోజూ వెళ్ళే వారాల్లో కాదు, వెళ్ళడం మానేసిన వారంలో. అప్పుడు నర్సమ్మ చూడదు, డాక్టర్ చూడరు, కేసు షీటులో ఎవరూ రాయరు. ఆఖరి రోజున రాసిన గ్రేడే చివరి గ్రేడుగా ఉండిపోతే, రేపు మరొకరికి ఇచ్చే అంచనా కూడా ఆ మేరకు తక్కువే అవుతుంది.

ఎరుపు కాదు, నలుపు

గ్రేడుల సంగతి. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే కొలతలో సున్నా నుంచి నాలుగు దాకా ఉంటాయి. ఒకటి అంటే లేత ఎరుపు, పొడి పొట్టు రాలడం, ఆ చోట చెమట తగ్గడం. రెండు అంటే ముట్టుకుంటే నొప్పిపుట్టే గాఢమైన ఎరుపు, అక్కడక్కడా చెమ్మదేరి ఊడడం, వాపు. మడతల్లోనే కాకుండా బయట కూడా పెద్ద మేర చెమ్మదేరి ఊడితే మూడు. పుండు పడటం, రక్తం కారడం నాలుగు. ఈ నాలుగోది ఇప్పటి మెషిన్లతో అరుదు. ఇప్పుడు వాడే లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషిన్ కిరణం తన పూర్తి బలాన్ని చర్మం పైన కాకుండా సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోపల చూపిస్తుంది. పాత కోబాల్ట్ మెషిన్‌లో అది అర సెంటీమీటరే.

ఇప్పుడు ఈ కొలతను మన ఒంటి మీద పెట్టి చూడండి. మొదటి మాటే "ఎరుపు". తెల్లతోలు మనుషుల్ని చూసి రాసిన మాట అది. మన చామనఛాయ మీద, నలుపు మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? మనకు నల్లబడుతుంది, ఊదారంగు తిరుగుతుంది, వేడెక్కుతుంది, బిగుసుకుంటుంది. చూసేవాళ్ళు ఎరుపు కోసమే వెతికితే, మంటతో నిద్రపోని మనిషికి కూడా "గ్రేడ్ 1" అని రాసేస్తారు. ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, కొలబద్దలోనే ఉన్న లోటు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో రొమ్ము రేడియోథెరపీ చేయించుకున్న సుమారు 10 వేల మంది చెప్పినదాన్నీ, వాళ్ళ డాక్టర్లు రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి 2022లో ఒక అధ్యయనం అచ్చయింది. రోగులు నొప్పి గట్టిగా ఉందన్న సందర్భాల్లో పదింట మూడు సార్లు డాక్టర్లు దాన్ని తక్కువగా అంచనా వేశారు. దురద విషయంలో మూడోవంతు కంటే ఎక్కువ సార్లు. నల్లజాతి స్త్రీల బాధ ఇలా లెక్కకు రాకుండా పోవడం మరీ ఎక్కువ. ఇది చదివాక నాకు అక్క మొహం గుర్తొచ్చింది. "ఎలా ఉందమ్మా?" అంటే "బాగుండాది సార్" అని తప్ప ఇంకో మాట అనేది కాదు.

నోటు పుస్తకం

అందుకని మనం చెయ్యగలిగిన పని ఇది. ఒక 40 పేజీల నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో, చికిత్స మొదలుకాకముందే, డాక్టర్‌ని అడిగి రాసుకోవాల్సినవి: మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, చివర్లో అదనపు మోతాదు ఉందా, కిరణం పడే మేరలో మడతలేమైనా ఉన్నాయా (చంక, రొమ్ము కింద, గజ్జ, మెడ ముడతలు), చర్మం మీద బోలస్ అనే మెత్తటి పలక పెడతారా, కీమో కూడా పక్కనే నడుస్తుందా, షుగర్ సంగతేమిటి. బోలస్ పెడుతున్నారంటే చర్మానికి కూడా కావాలనే ఎక్కువ మోతాదు ఇస్తున్నారని అర్థం. అక్కడ ఊడడం ఎక్కువే ఉంటుంది, అది తెలిసి చేస్తున్న పని. మడతలు ఉంటే మీ కళ్ళు ముందు అక్కడే ఉండాలి. మడతలో చెమటా రాపిడీ రెండూ ఉంటాయి, పైగా ఒక చర్మం పక్క చర్మానికి బోలస్ లాగా పనిచేస్తుంది.

సిట్టింగులు తక్కువ కదా, ఒక్కో రోజు మోతాదు ఎక్కువ కదా, మరి చర్మం ఎక్కువ కాలదా అని అక్క అడిగింది. నేనూ అలాగే భయపడ్డాను. బ్రిటన్‌లో జరిపిన స్టార్ట్ పరీక్షల్లో 25 సిట్టింగుల్లో 50 గ్రే ఇచ్చినవాళ్ళనూ, 15 సిట్టింగుల్లో 40 గ్రే ఇచ్చినవాళ్ళనూ పదేళ్ళు గమనించారు. చర్మానికీ రొమ్ముకూ జరిగిన చెరుపు 15 సిట్టింగుల వాళ్ళలో ఎక్కువ కాలేదు, కాస్త తక్కువే ఉంది. మొత్తం మోతాదు తగ్గడం కలిసొచ్చింది. తిరుపతికి రోజూ వెళ్ళొచ్చే మనలాంటివాళ్ళకు పది ప్రయాణాలు తగ్గడం చిన్న సంగతేమీ కాదు.

రెండో పేజీ నుంచి రోజుకు నాలుగు వరుసలు. ఒకే వేళలో, ఒకే కిటికీ దగ్గర, ఒకే ఫోనుతో ఒక ఫోటో. పక్కన ఉతికిన తెల్లగుడ్డ ముక్క ఒకటి పెట్టండి, వెలుతురు మారినా రంగు తేడా తెలుస్తుంది. కిరణం పడని రెండోవైపు చర్మాన్ని కూడా తీయండి. ఇది నేను గట్టిగా చెబుతాను: మన ఒంటికి సరైన కొలబద్ద పుస్తకంలోని ఎరుపు కాదు, మన ఒంటిదే రెండో పక్క. వెనుచెయ్యి ఆనించి రెండువైపులా వేడి చూడండి. దురదకు, మంటకు, నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె వెయ్యండి. చెమ్మ ఉంటే ఎంత మేర అన్నది రూపాయి బిళ్ళంతా, అగ్గిపెట్టెంతా అని రాయండి. రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది తప్పకుండా రాయండి. ఫోటో చూపించడానికి సిగ్గుపడితే ఫోను మీ దగ్గరే ఉంచుకుని అంకెలు మాత్రం చెప్పండి.

ఆఖరి సిట్టింగుతో పుస్తకం మూసెయ్యకండి. ఆ తర్వాత కనీసం మూడు వారాలు రాయండి.

ఒంటి మీది గుర్తులు, ఇంట్లోని సలహాలు

ప్లానింగ్ రోజున ఒంటి మీద గీతలు గీస్తారు, కొన్నిచోట్ల చిన్న పచ్చబొట్టు చుక్కలు పెడతారు. ఆ గీతల్ని సబ్బుతో రుద్ది పోగొట్టకూడదు. అక్క ఒంటి మీది గీతల్ని చూసి మా అమ్మ, స్వామికి తన కళ్ళు ఇవ్వబోయిన తిన్నడి కథ ఎత్తుకుంది. రెండో కన్ను కూడా పెరికితే చూపు ఉండదు, చోటు తెలియదు. అందుకని ఆయన స్వామి కంటి మీద కాలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు కదా. "ఇదీ అట్లాంటి గుర్తే, చెరిపితే చోటు తప్పతాది" అంది. అక్క ఆ తర్వాత ఆ గీతల్ని చూసి అసహ్యపడటం మానేసింది.

స్నానం మానక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, రుద్దకుండా అద్దుకోవడం, అంతే. కడుక్కుంటే ముదురుతుందనేది పాత భయం. పరీక్షల్లో అది నిలవలేదు. గంజి పెట్టిన చీర, బిగుతు జాకెట్టు, మెడలో రాసుకునే గొలుసు, కిరణం పడే చోట విభూతి, గంధం, కుంకుమ, పౌడరు, ప్లాస్టరు, రేజరు వద్దు. తాళి తీయడానికి మనసొప్పకపోతే మెత్తటి నూలు దారానికి గుచ్చుకుని, కిరణం పడని పక్కకు జరిపి పెట్టుకోవచ్చా అని అడగండి. మెడకు చికిత్స అవుతున్నవాళ్ళు బస్సులో ఎండ పడని వైపు సీటు చూసుకోండి, పల్చటి నూలు తువ్వాలు కప్పుకోండి. మా ఊరి మే నెల ఎండ మామూలు చర్మానికే గడ్డు పరీక్ష.

పసుపు గురించి అందరూ అడుగుతారు. పసుపులోని కుర్కుమిన్ మీద అమెరికాలో 30 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన చిన్న పరీక్షలో గుణం కనిపించింది. అదే బృందం 686 మందితో పెద్ద పరీక్ష చేస్తే తేడా తేలలేదు. ముప్పై మంది లెక్కకూ ఏడువందల మంది లెక్కకూ ఉన్న దూరం ఇదే. మాడిన రొట్టె అన్న మా వీధి పెద్దమ్మ చూసి ఉంటే ఒక్క మనిషినే. చెమ్మదేరిన చోట పచ్చి పసుపు, ఆముదం, కలబంద గుజ్జు మెత్తడం మాత్రం వద్దు. స్టీరాయిడ్ పూత ఉపయోగపడుతుందని మంచి ఆధారాలున్నాయి, కానీ అది డాక్టర్ రాసిచ్చేది.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చీము వాసన వచ్చినా, రక్తం కారినా, చెమ్మ మేర రోజురోజుకూ పెరుగుతున్నా ఆగకుండా వెళ్ళాలి. కానీ చర్మానికి భయపడి మీ అంతట మీరు సిట్టింగులు ఎగ్గొట్టకండి. గర్భాశయ ముఖద్వారం, తల, మెడ క్యాన్సర్లలో చికిత్స అనుకున్న గడువు దాటి సాగితే, ఒక్కో రోజుకు సుమారు ఒక శాతం చొప్పున జబ్బు మీద పట్టు సడలుతుందని పాత రోగుల లెక్కలు చెబుతున్నాయి. ఊడిన చర్మం మళ్ళీ వస్తుంది. విరామం ఇవ్వాలా వద్దా అన్నది నోటు పుస్తకం చూపించి డాక్టర్‌తోనే తేల్చుకోండి.

ఇదంతా చేయించుకోవడానికి ఒకప్పుడు మా వైపువాళ్ళు వేలూరుకో మద్రాసుకో పోయేవారు. ఇప్పుడు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. ఊరికి దగ్గర్లో చికిత్స జరిగితే, ఆఖరి సిట్టింగు తర్వాత వారం పది రోజులకు ఒకసారి వచ్చి చూపించుకోవడం కుదురుతుంది. ఆ ఒక్క రాక కోసం ముందే తేదీ అడిగి పెట్టుకోండి.

మేము నోటు పుస్తకం మొదలుపెట్టింది ఆలస్యంగా, జాకెట్టు అతుక్కున్న మరునాడు. ఆరో రోజు: మంట 8, చెమ్మ అగ్గిపెట్టెంత, నిద్ర లేదు. తొమ్మిదో రోజు: మంట 7, చెమ్మ అంతే. పన్నెండో రోజు: మంట 4, చెమ్మ రూపాయి బిళ్ళంత. పదిహేడో రోజు అక్క తన చేత్తోనే రాసింది: దురద 2, చెమ్మ లేదు, రాత్రంతా నిద్రపోయినాను. నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ ఎప్పట్లాగే "ఎలా ఉందమ్మా?" అన్నారు. అక్క "బాగుండాది సార్" అనబోయి ఆగింది. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పి, ఆరో రోజు దగ్గర ఆగి, కలం తీసుకుని ఆ వరుసను ఆమె కేసు షీటులోకి ఎక్కించారు.